గిన్నె చూసి బడికి మార్కులేసే అత్త

క్యారియరత్త పోయిందని పూలమ్మే మనిషి వచ్చి చెప్పింది. తొంభై దాటి ఉంటాయి ఆమెకు. పోయే రోజు మధ్యాహ్నం మనవరాలు రసం పోసి ఇస్తే ఒక గుక్క తాగి, "మిరియాలు ఏసినావా, దూరం నించి చూపించినావా?" అని అడిగిందట. ఆ పిల్ల లోపలికి పోయి మిరియాలు నూరుకుని వచ్చేలోపు కన్ను మూసేసింది. "ఏడవాలో నవ్వాలో తెలీలేదంట అక్కా ఆ పాపకి" అని పూలామె మూర కొలుస్తూ చెప్పింది. నేనైతే నవ్వేశాను. ఏడుపు మూడు రోజుల తరువాత, బియ్యం చెరుగుతూ ఉంటే వచ్చింది.

ఆమె పేరేమిటో నాకు తెలియదు. అరవదేశపు ముత్తియాల్‌పేటలో, మా తెలుగిళ్ళ వీధిలో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళు "ఏమ్మే" అనేవాళ్ళు, మేమూ పిల్లలూ క్యారియరత్త అనేవాళ్ళం. పుట్టింది ఏంబలంలో. మిల్లులో పని చేసే మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ఇంతకు మించి ఆమె సంగతులు ఆమె చెప్పలేదు. పక్కవాళ్ళ గిన్నెల్లో చెప్పుకోవలసిన సంగతులు అన్ని ఉండగా సొంతవి ఎందుకు అనుకుందేమో.

డెబ్బైల నడిమి మాట ఇది. పొద్దున పదకొండు కొట్టేసరికి తల మీద చుట్టకుదురు, దాని మీద పెద్ద వెదురు గంప పెట్టుకుని గుమ్మాల ముందు నిలబడేది. ఇంటింటా పిల్లల అన్నం క్యారియర్లు తీసుకుని, గంపలో పేర్చుకుని, మూడు సర్కారు మిడిల్ స్కూళ్ళకు మోసేది. బళ్ళలో మధ్యాహ్నం సాంబారన్నం పెడతారు. కానీ మా శెట్టి ఇళ్ళలో బయట వండింది ముట్టే అలవాటు లేదు. కాబట్టి వేడి అన్నం ఇంటి నుంచే పోవాలి.

ఆమెకు అక్షరం రాదు. అయినా పదహారు క్యారియర్లలో ఏది ఎవరిదో ఒక్కనాడు తప్పింది లేదు. ఎర్రదారం కట్టింది నూనెకొట్టు వాళ్ళది, మూత వదులుగా ఆడేది టైలరు వాళ్ళది, అడుగు గిన్నెకు నెలవంకలాగా సొట్ట పడింది మాది. మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి క్యారియర్ అది. దాన్ని అందించేటప్పుడల్లా మా అత్తగారు "జాగర్త" అనేది. "నీ క్యారియర్ పడిపోతే నేనూ దాని పక్కనే పడిపోతాలే అక్కా" అనేది ఆమె.

గుమ్మం దగ్గర ఆమె చట్టాలు వేరే. రసం అడుగు గిన్నెలో పెట్టామంటే ఇంటిల్లిపాదికీ వినిపించేది. "నా ఈపు మీద ఇంకో కాలవ తవ్వేదానికా? ఊళ్ళో ఉండే కాలవ చాల్లేదా మీకు?" అప్పడం పెడితే, "ఇది బడికి పోయేసరికి పాత చెప్పు మాదిరి మెత్తబడతాది, తీసెయ్" అని తనే తీసి, తనే కరకరా నమిలేసేది.

రెండున్నరకు తిరిగి వచ్చేది. అసలు కచేరీ అప్పుడు. మా ఇంటి అరుగు మీద గంప దించి, కాళ్ళు చాపుకుని, ఒక్కొక్క క్యారియర్ మూత తీసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. తరువాత ఎండలోకి పట్టుకుని, నగల కొట్టులో రాయి చూసినట్లు అటూ ఇటూ తిప్పేది. వీధిలో ఆడవాళ్ళందరం చేతి పనులు తెచ్చుకుని చుట్టూ చేరేవాళ్ళం.

"నీ కొడుక్కి కొత్త జోడుగాడు దొరికినాడు" అనేది నూనెకొట్టామెతో.

"నీకెట్టా తెలుసు?"

"మీ ఇంట్లో మాగాయ్ యాడుంది? గిన్నెకి మాగాయ్ అంటుకుని ఉండాది."

టైలరు భార్య తన క్యారియర్‌లో వంకాయ కూర పెట్టినది పెట్టినట్లే తిరిగి వచ్చిందని, బడిలో పిల్లాణ్ణి కొట్టి ఉంటారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. క్యారియరత్త చూపుడు వేలితో ఆ కూర కొంచెం నాకి చూసింది. "బడి మీద తప్పు ఏసేదానికి ముందు నీ చెయ్యి చూసుకో పిల్లా. ఒక గిన్నె మిగిల్తే వంట తప్పు. ఆ బడికి పోయిన గిన్నెలన్నీ మిగిల్తే వాద్యారు తప్పు." వాద్యారు అంటే మా ఊళ్ళో పంతులు.

అదీ ఆమె లెక్క. మూడు బళ్ళకూ ఒకటే సర్కారు, ఒకటే సున్నం, ఒకటే పుస్తకాలు. మూడింటిలోనూ ఎనిమిదో క్లాసు దాకానే. వాటిలో ఏది మంచిది అని అడిగితే మగవాళ్ళు ఎంతమంది పాసయ్యారో చూసేవాళ్ళు, టైలరు మాత్రం ఏ బడి నిక్కర్లు ఎక్కువ చిరిగి వస్తున్నాయో చూసేవాడు. ఆమె గిన్నెలు చూసేది. "నోరు అబద్ధం ఆడతాది. గిన్నె ఆడదు" అనేది. వీధిలో ఏ పిల్లో పిల్లాడో ఐదు పాసయితే, తల్లిదండ్రులు తాంబూలం తీసుకుని ఆమె దగ్గరికి పోయేవాళ్ళు.

సముద్రం పక్క బడి గురించి ఆమె తీర్పు నాకు ఇంకా నోటికి వచ్చు. "గిన్నెలో ఇసక ఉండాది. అంటే బయట కూచోని తిన్నారు. ఒక్క మెతుకు లేదు. అంటే బాగా ఆకలేసింది. అంత ఆకలేసిందంటే బాగా ఆడుకున్నారు. పొద్దున్నించీ ఆడుకుంటే చదివింది ఎప్పుడు? మగపిల్లోడు ఒళ్ళు చెయ్యాలంటే ఆడ ఎయ్యండి. బుద్ధి రావాలంటే వద్దు."

కాలువ పక్క బడి నుంచి మంగళవారం మంగళవారం అన్నం అట్లాగే తిరిగి వచ్చేది. ఒక్క క్యారియర్ కాదు, ఐదుకు ఐదు. నాలుగు వారాలు చూసింది. ఐదో మంగళవారం తిన్నగా ఆ బడి హెడ్మాస్టరు గదిలోకి, గంప తల మీద ఉండగానే వెళ్ళి నిలబడింది. "అయ్యా, మంగళారం సోరు దిగిన వెంటనే ఏంది పాఠం?" అని అడిగింది. సోరు అంటే అన్నం. లెక్కలు అన్నాడాయన. "దాన్ని పొద్దున్న పెట్టు. బెదురుతో పిల్లోళ్ళ గొంతులో ముద్ద దిగలేదు. మా ఏంబలంలో ఎద్దుకి కూడా మేత ఏసి వెంటనే కాడి కట్టరు." ఆయన కోప్పడి బయటికి పంపించాడు. కానీ నెల తిరగకుండానే లెక్కలు పొద్దుటికి మారాయి. ఎందుకు మార్చారో ఏమో. ఆమె మాత్రం ఆ బడిని తనే నడుపుతున్నట్లు బజారంతా చెప్పుకుంది.

ఇక మార్కెట్టు వెనక బడి. అక్కడి నుంచి వచ్చే గిన్నెలు చూస్తే ఆమె మొహం చాటంత అయ్యేది. మెతుకు లేదు, జిడ్డు లేదు, కడిగి తుడిచినట్లు తళతళలాడేవి. "అన్నం విలువ నేర్పించిన బడి. నూటికి తొంభై తొమ్మిది" అంది.

"ఆ ఒకటి ఏమైంది అత్తా?" అన్నాను.

"నా దగ్గిరే పెట్టుకున్నా. నూరు ఇస్తే వాళ్ళకి తల తిరగతాది."

ఆ ఏడు మా పెద్దపిల్ల ఐదు పాసయింది. మా అత్తగారు "ఐదు చాలు" అంది. "నేను ఒకటి కూడా చదవలేదు, నాకేం తక్కువైంది?" అంది. మా ఆయనకు బజారులో తాళ్ళు, చాపలు, చీపుళ్ళ కొట్టు. తల్లి మాట్లాడుతుంటే ఆయన చీపురు పుల్లలు ఏరుకుంటూ కూర్చునే రకం. నాకు మాత్రం నా పలక గుర్తొచ్చింది. నన్ను మూడో క్లాసులో మానిపించి, నా పలక మా తమ్ముడికి ఇచ్చేశారు. వాడు దాన్ని వారంలో పగలగొట్టాడు. నా పిల్లకు అట్లా కాకూడదని ఒకటే పట్టు.

క్యారియరత్తను పిలిపించాను. ఆమె మా అత్తగారి ఎదురుగా కూర్చుని, ఆకూ వక్కా నములుతూ, "మార్కెట్టు ఎనక బడి. నాదీ పూచీ" అంది.

మా అత్తగారు తమలపాకుల పళ్ళెం పక్కకు జరిపింది. చివరికి చెప్పింది: "పోనీ. మన ఇంటి సోరే తినాలి. ఈదిలో వండింది ముట్టకూడదు. ఒక్క మాట నా చెవిన పడిందా, ఆ పొద్దే బడి బందు."

ఆరు నెలలు ఏ మాటా పడలేదు. మా క్యారియర్ రోజూ అద్దంలాగా తిరిగి వచ్చేది. పిల్ల బుగ్గలు కూడా నిండాయి. "నా చేతి వంట" అనుకుంటూ మా అత్తగారు నెయ్యి ఇంకో చెంచా పెంచింది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కూడా మొదలుపెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన కొట్టులో చాపలు చుడుతున్నాడు. బజారులో కేకలు. చూస్తే ఒక మేక, మూతికి ఇత్తడి గిన్నె ఇరుక్కుపోయి, కళ్ళు కనపడక సైకిళ్ళకు గుద్దుకుంటూ వస్తోంది. వెనకాల పదిమంది పిల్లలు. ఎర్రటోపీ పోలీసు ఒకాయన ఈల ఊదాడు. మేక ఈలకు ఆగలేదు. మా ఆయన కొట్టులోకే దూరి చీపురుకట్టల మీద పడింది. మా ఆయన దాన్ని తాడేసి పట్టుకున్నాడు. తాళ్ళకేం కొదవ. గిన్నె పట్టి లాగితే టప్పున ఊడింది. మేక గడ్డం నిండా పెరుగన్నం, దానిమ్మ గింజలు. గిన్నె అడుగున నెలవంక సొట్ట.

తల ఎత్తి చూస్తే ఎదురుగా మా పెద్దపిల్ల. చేతిలో ఎవరిదో సత్తుపళ్ళెం, దాని నిండా బడి సాంబారన్నం.

"ఏందమ్మా ఇది?" అన్నాడు మా ఆయన.

పిల్ల ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. శెట్టి పిల్లలు ఏడుగురూ బడిలో చేరిన మొదటి వారం నుంచీ అంతేనట. అందరూ వరసలో నిలబడి నవ్వుకుంటూ తింటుంటే, వీళ్ళు ఏడుగురే మూల కూర్చుని మూతలు తీయాలంటే సిగ్గేసిందట. కాబట్టి ఇంటి అన్నం వాచ్‌మన్ మేకలకు, వీళ్ళు సాంబారు వరసకు. మేకలు నాకితే గిన్నె ఎంత తెల్లగా వస్తుందో మా వీధికి అప్పుడు తెలిసింది. తొంభై తొమ్మిది మార్కులు వేయించుకున్నవి వాచ్‌మన్ మేకలు.

సాయంత్రానికి వీధంతా అదే మాట. "ఏమ్మే, మేకని ఏ క్లాసులో ఏసుకున్నారు?" అని నూనెకొట్టాయన. "అది ఎనిమిది పాసయితే చెప్పు, యూనిఫారం నేనే కుడతా" అని టైలరు. ఎవరేమన్నా ఎదురు ఒక మాట అంటించే క్యారియరత్త ఆ రోజు తల వంచుకుని వింది. గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

ఇంట్లో మా అత్తగారు ఆ గిన్నెను చింతపండు పెట్టి ఏడుసార్లు తోమింది. తోముతూనే చెప్పింది, రేపటి నుంచి బడి లేదని. పిల్ల పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుంది. నేను నోరు తెరవబోతే, "నువ్వు లోపలికి పో" అంది.

అప్పుడు వచ్చింది క్యారియరత్త. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే ఉంది.

"అక్కా, లెక్క తప్పింది నాది. బిడ్డది కాదు. ఒక నెల గడువు ఇయ్యి. ఎదురుగా కూచోని నేనే తినిపిస్తా. అప్పటికీ కాదంటే నీ ఇష్టం."

"నీ పూచీ చూసినాంలే."

"ఈసారి గిన్నె ఎనక్కి వచ్చినాక చూసేది కాదు. గిన్నె పక్కనే ఉండి చూస్తా."

మా అత్తగారు అవుననలేదు, కాదనలేదు. తెల్లారి క్యారియర్ కట్టింది. అదే అవును.

ఆ నెలంతా ఆమె మార్కెట్టు వెనక బడికి చివర్లో పోయి, మా పిల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. మేక దగ్గరికి వస్తే చుట్టకుదురు విసిరేది. గంట కొట్టిన తరువాత కూడా లేచేది కాదు, క్లాసు కిటికీ కింద నీడలో కూలబడేది. మా ఇంటికి మాత్రం ఏమీ చెప్పకుండా, క్యారియర్ గుమ్మంలో పెట్టి పోయేది. తీసి చూస్తే రోజూ సగం అన్నం మిగిలే ఉండేది. మా అత్తగారు ఆ అన్నం చూసేది, నన్ను చూసేది.

నెల నిండిన రోజు ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. మా అత్తగారు గుమ్మంలో కూర్చుంది.

"తింటా ఉండాదా?" అంది మా అత్తగారు.

"లేదు" అంది ఆమె. "సగమే. దాని కన్నంతా ఆ వరస మీదనే."

"అట్టయితే అయిపోయింది కదా."

"అక్కా, ఇనుకో. గిన్నె ఖాళీ అయితే బడి మంచిది అన్నా ఇన్నాళ్ళూ. ఇప్పుడు గిన్నె ఖాళీ కాలేదు, బడి మాత్రం మంచిదే. ఎట్టా చెప్పేది నీకు? కిటికీ కింద కూచోని నెల దినాలు ఇన్నా. ఆ టీచరమ్మ 'ఎవురు చదవతారు' అంటే మన బిడ్డ లేస్తాది. దడదడా చదవతాది. ఈ పొద్దు ఏదో ఏనుగు సంగతి. ఏనుగు చెరువులో దిగింది, కాలు బురదలో దిగబడింది. అంతే, గంట కొట్టేసినారు పాపిష్టోళ్ళు."

మా అత్తగారు గుమ్మం మీద లేని దుమ్ము కొంగుతో తుడిచింది. తరువాత, ఎవరినీ చూడకుండా, "అయితే ఏమయింది ఏనుగుకి?" అంది.

"నాకేం తెలుసు? నేను చదివిన్యానా?"

"మళ్ళీ పైకి వచ్చిందా లేదా?"

"బిడ్డని అడుగు."

పిల్ల లోపలి నుంచి పుస్తకం పట్టుకుని వచ్చింది. పాఠం అరవంలో చదివి, ఒక్కొక్క వాక్యాన్నీ ఇంటి మాటలో చెప్పింది. ఏనుగు తొండం ఎత్తి అరిచింది. తక్కిన ఏనుగులు వచ్చాయి. ఒకటి ముందు నుంచి లాగింది, ఒకటి వెనక నుంచి నెట్టింది. "నెట్టేది చిన్న ఏనుగా, పెద్దదా?" అని మా అత్తగారు అడిగింది. పిల్ల వెనక్కి ఒక పేజీ తిప్పి చూసి, "పెద్దది అవ్వా" అంది. ఏనుగు బయటపడ్డాక, "మళ్ళీ చదువు, ఆ దిగబడింది కాణ్ణించి" అంది. ముగ్గురం మళ్ళీ విన్నాం. కొట్టు నుంచి వచ్చిన మా ఆయన చెప్పులు విడవకుండానే నిలబడి విన్నాడు.

"ఆ సాంబారు శుభ్రంగా వండతారా?" అంది చివరికి మా అత్తగారు.

"నిన్న నేనూ వరసలో నిలబడి తిన్నా. ఉప్పు తక్కువ. మిగతాది నీ వంటకన్నా బాగుండాది."

ఆ ఇంట్లో ఆ మాట అని బతికి బయటపడ్డ మనిషి లేదు. మా అత్తగారు మాత్రం వేరే సంగతి అడిగింది. "ఆ ఏడిళ్ళ పిల్లోళ్ళూ ఆడనే తింటే నీకు మోసేదానికి ఏముంటాది?"

"నా గంప సంగతి నాకు ఒదిలెయ్. బిడ్డ క్యారియర్ మానిపించు. బిడ్డని మానిపించొద్దు."

మరునాడు పొద్దున మా అత్తగారు క్యారియర్ కట్టలేదు. పొయ్యి పక్కన తన సత్తుపళ్ళెం, రోజూ తను తినే పళ్ళెం, కడిగి కొంగుతో తుడిచి పిల్ల సంచిలో పెట్టింది. "రెండు చేతుల్తో పట్టుకో. సాంబారు గౌను మీద పోసుకుని వచ్చినావంటే చూడు" అంది. పిల్ల వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

పదకొండుకు క్యారియరత్త వచ్చింది. మిగిలిన ఆరు ఇళ్ళలోనూ తనే చెప్పి వచ్చిందట, బడి సోరు బాగుండాది, క్యారియర్ పంపించొద్దు అని. కాలువ బడివీ సముద్రం బడివీ తొమ్మిది క్యారియర్లే గంపలో ఒక పక్కకు జరిగి ఉన్నాయి. రెండు అడుగులు వేసింది, మెడ వంకరపోయింది. నిలబడి మమ్మల్ని తిట్టింది.

"ఏళ్ళ తరబడి మీ బరువుకి అలవాటు పడిన తల ఇది. ఇప్పుడు గంప ఒక పక్కకి ఒరగతా ఉండాది. ఒక ఇటుకరాయి ఉంటే ఇయ్యవే పిల్లా."

నేను కదిలేలోపు మా అత్తగారు పెరట్లోకి పోయింది. గోడ పక్క నుంచి ఒక ఇటుక తీసింది. బావి దగ్గర దాన్ని రెండుసార్లు కడిగింది. పాత గుడ్డతో తడి లేకుండా తుడిచింది. తెచ్చి గంపలో, మా క్యారియర్ ఉండే చోట పెట్టింది.

"జాగర్త" అంది.

క్యారియరత్త గంప తల మీద సర్దుకుని, మెడ అటూ ఇటూ ఆడించి చూసుకుంది. "ఇప్పుడు సరిపోయింది" అని, మా ఇటుకను మోసుకుంటూ సముద్రం వైపు పోయింది.